రెండు బైకులకూ 7.9 పవర్.. కానీ బలం ఒకటి కాదు! పీఎస్, బీహెచ్‌పీ, కిలోవాట్ లెక్కలో తేడా ఎక్కడుందంటే..

రెండు బైకులు. రెండింటి వివరాల్లోనూ పవర్ దగ్గర 7.9 అనే ఉంటుంది. ఒకటి బజాజ్ ప్లాటినా 100, రెండోది బీఎస్6 హోండా షైన్ 125. నంబర్ ఒకటే కాబట్టి బలం కూడా ఒకటే అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ప్లాటినా 7.9 పీఎస్. షైన్ 7.9 కిలోవాట్. అంటే షైన్ పవర్ పీఎస్‌లో 10.74. ఒకే నంబర్ వెనుక మూడో వంతుకు పైగా తేడా దాక్కుని ఉంది.

ఇలాంటి తికమక కామారెడ్డిలో బండి కొనడానికి వచ్చే చాలామందికి ఎదురవుతుంది. ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి వైపు నుంచి కామారెడ్డికి వచ్చి నాలుగు షోరూంలు తిరిగితే ఒక్కో బ్రోచర్‌లో ఒక్కో యూనిట్ కనిపిస్తుంది. ఒక కంపెనీ కిలోవాట్ అంటుంది, ఇంకోటి పీఎస్ అంటుంది, మరోటి బీహెచ్‌పీ అంటుంది. ‘‘అన్నా.. గీ బండి ఎనిమిది ఉంది, గా బండి ఐదున్నరే ఉంది గదా’’ అని ఫోన్‌లో ఇంటికి చెప్పేసి బండి ఫైనల్ చేసేస్తారు. మూడేళ్లు ఈఎంఐ కట్టే బండిని యూనిట్ చూడకుండా ఎంచుకుంటే ఎలా? అందుకే అసలు ఈ లెక్కలేంటో ఒకసారి చూద్దాం.

బోరు మోటార్‌తో మొదలుపెడదాం

హెచ్‌పీ అనే మాట కామారెడ్డి జిల్లా రైతులకు బైకులతో రాలేదు, బోర్లతో వచ్చింది. ‘‘మాది ఐదు హెచ్‌పీ మోటార్’’ అనే మాట ఎల్లారెడ్డి మండలంలో ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తుంది. ఆ మోటార్ మీద ఉండే నేమ్ ప్లేట్ చూస్తే పక్కపక్కనే రెండు నంబర్లు ఉంటాయి.. 3.7 కిలోవాట్, 5 హెచ్‌పీ. ఇవి రెండు వేరువేరు విషయాలు కావు. ఒకే బలాన్ని రెండు కొలతల్లో రాశారంతే. ధాన్యాన్ని క్వింటాళ్లలో చెప్పినా, బస్తాల్లో చెప్పినా ధాన్యం మారదు కదా!

హార్స్‌పవర్ అనే కొలతను వాడుకలోకి తెచ్చింది స్కాట్లాండ్ ఇంజినీర్ జేమ్స్ వాట్. 1780ల్లో ఆయన తన ఆవిరి ఇంజిన్లు అమ్ముకోవాలి. కొనేవాళ్లకేమో గుర్రాలతో తిప్పే మిల్లులు మాత్రమే తెలుసు. అందుకే ‘ఈ ఇంజిన్ ఇన్ని గుర్రాల పని చేస్తుంది’ అని లెక్క కట్టి చెప్పాడు. ఒక రకంగా హెచ్‌పీ పుట్టిందే సేల్స్ మాటగా అన్నమాట. ఆ లెక్కను మన కొలతల్లోకి మారిస్తే సుమారు 76 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటర్ ఎత్తుకు లేపగల బలం ఒక హెచ్‌పీ. స్కూల్ పుస్తకంలో ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు అని చదువుకున్నది ఇదే.

మరి పీఎస్ ఏంటి? ఇది జర్మన్ మాట ‘ఫెర్డెష్టార్కె’కు పొట్టి పేరు. దీనికీ అర్థం గుర్రపు బలమే. యూరప్ వాళ్లు పౌండ్లు, అడుగులు వదిలేసి కిలోలు, మీటర్లలోకి వచ్చినప్పుడు 76ను 75 చేసి రౌండ్ చేసుకున్నారు. 75 కిలోలను సెకనులో ఒక మీటర్ లేపితే ఒక పీఎస్. అంటే యూరియా బస్తా 45 కిలోలు కాబట్టి, ఒకటిన్నర బస్తాకు కాస్త ఎక్కువే. ఒక పీఎస్ విలువ 735.5 వాట్లు. హెచ్‌పీకి, పీఎస్‌కు మధ్య ఉన్నది ఆ ఒక్క కిలో తేడానే. శాతంలో చూస్తే ఒకటిన్నర కూడా ఉండదు.

కాబట్టి బ్రోచర్‌లో 14 పీఎస్ అని ఉన్న పల్సర్ 150ని ఎక్కడైనా 13.8 బీహెచ్‌పీ అని రాస్తే కంగారు పడక్కర్లేదు. బండి తగ్గలేదు, కొలత మారింది. అదే పవర్ కిలోవాట్‌లో 10.3.

బీహెచ్‌పీలో ఆ ‘బీ’ ఎందుకు?

బీ అంటే బ్రేక్. బండికి వేసే బ్రేక్ కాదిది. ఇంజిన్ తిరుగుతుంటే దాని షాఫ్ట్‌కు ఒక బ్రేక్ లాంటిది బిగించి, అది ఎంత బలంగా తిరుగుతోందో కొలిచే పద్ధతి నుంచి వచ్చిన పేరు. 1821లో ఫ్రాన్స్ ఇంజినీర్ గాస్పార్డ్ డి ప్రోనీ ఇలాంటి పరికరం తయారు చేశాడు. ఇప్పుడు డైనమోమీటర్, మెకానిక్‌ల మాటల్లో ‘డైనో’ అంటున్న మిషన్‌కు అదే పెద్దన్న. మన దగ్గర బైక్ బ్రోచర్లలో బీహెచ్‌పీ అన్నా, హెచ్‌పీ అన్నా విలువ ఒక్కటే.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కంపెనీ చెప్పే పవర్ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గరిది. అది గేర్‌బాక్స్ దాటి, చైన్ దాటి వెనుక చక్రానికి చేరేసరికి సుమారు 10 నుంచి 15 శాతం వరకు తగ్గుతుంది. చైన్ ఎండిపోయి, దుమ్ము పట్టి కరకరలాడుతుంటే ఇంకా పోతుంది. యూట్యూబ్‌లో ఎవరో డైనో మీద బండి ఎక్కించి ‘కంపెనీ 18 చెప్పింది, 16 కూడా రాలేదు, మోసం’ అని వీడియో పెడితే, అది చాలా వరకు మోసం కాదు. కొలిచిన చోటు వేరు.

కిలోవాట్.. అసలైన అధికారిక కొలత

ప్రపంచమంతా ఒప్పుకున్న కొలతల పద్ధతిలో పవర్‌కు యూనిట్ వాట్. మన తూనికలు, కొలతల చట్టం 2009 కూడా ఆ పద్ధతినే పాటిస్తుంది. వెయ్యి వాట్లు ఒక కిలోవాట్. ఒక కిలోవాట్ అంటే 1.36 పీఎస్ లేదా 1.34 హెచ్‌పీ. గుర్తుపెట్టుకోవాల్సింది నిజానికి ఈ ఒక్క నంబరే.. 1.36. బ్రోచర్‌లో కిలోవాట్ కనిపిస్తే ఫోన్ క్యాలిక్యులేటర్ తీసి 1.36తో గుణిస్తే పీఎస్ వచ్చేస్తుంది.

పైన చెప్పిన ‘ఎనిమిది, ఐదున్నర’ గొడవ ఇక్కడ తేలిపోతుంది. హీరో స్ప్లెండర్ ప్లస్ బీఎస్6 పవర్ 8.02 పీఎస్. 2023లో వచ్చిన హోండా షైన్ 100 పవర్ 5.43 కిలోవాట్. పక్కపక్కన పెడితే షైన్ 100 చాలా వీక్‌గా కనిపిస్తుంది. కానీ 5.43ని 1.36తో గుణిస్తే 7.38 పీఎస్. తేడా 2.59 కాదు, 0.64 మాత్రమే. రోడ్డు మీద ఆ 0.64ను గుర్తుపట్టేవాళ్లు చాలా తక్కువ మంది ఉంటారు.

స్ప్లెండర్ 8 పీఎస్ అయితే 5 హెచ్‌పీ బోరు మోటార్ కంటే ఎక్కువా?

కాగితం మీద ఎక్కువే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వందల అడుగుల లోతు నుంచి నీళ్లు తోడే మోటార్ కంటే బండి బలమైనదంటే నమ్మబుద్ధి కాదు. తేడా ఏంటంటే.. బోరు మోటార్ కరెంటు ఉన్నంత సేపు, గంటల తరబడి ఆ 5 హెచ్‌పీ ఇవ్వడానికే తయారైంది. స్ప్లెండర్ 8.02 పీఎస్ ఇచ్చేది ఇంజిన్ నిమిషానికి 8000 సార్లు తిరిగినప్పుడు మాత్రమే. ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ఇంజిన్ అరుస్తున్నప్పుడు వచ్చే నంబర్ అది. పొద్దున పాల క్యాన్లు వేసుకుని ఊరి నుంచి సెంటర్‌కు వెళ్లే మనిషి ఆ స్థాయికి బండిని ఎప్పుడూ తీసుకెళ్లడు.

అందుకే పవర్ నంబర్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆర్పీఎం చాలా ముఖ్యం. ఆర్పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందన్నది. ఆర్పీఎం చెప్పకుండా పవర్ ఒక్కటే చెబితే అది సగం మాటే.

ఆ మిగతా సగం పేరు టార్క్

పాత జీపు చక్రం నట్టు ఊడదీయాలంటే పొట్టి స్పానర్‌తో రాదు. దానికి ఇనుప పైపు తగిలించి పొడవు పెంచితే అదే మనిషి, అదే చేతి బలంతో నట్టు తిరుగుతుంది. ఆ తిప్పే బలమే టార్క్. దీన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పాత బ్రోచర్లలో కిలోగ్రామ్ మీటర్ అని ఉండేది. మీటర్ పొడవున్న రాడ్ చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే వచ్చే బలం ఒక కిలోగ్రామ్ మీటర్. అది 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు పాత పుస్తకంలో టార్క్ 0.8 అని కనిపిస్తే భయపడొద్దు, అది 7.8 న్యూటన్ మీటర్లు.

పవర్ అంటే టార్క్, ఆర్పీఎం రెండూ కలిసి చేసే పని. లెక్క సులువే. టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్ వస్తుంది. ఇందులో దాచిపెట్టేదేమీ లేదు. టార్క్ తక్కువున్నా ఇంజిన్‌ను బాగా వేగంగా తిప్పితే పవర్ పెద్ద నంబర్ వస్తుంది. తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్ వస్తే పవర్ నంబర్ చిన్నగా ఉన్నా బండి బరువు లాగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ట్రాక్టర్. 2024 కేటీఎం డ్యూక్ 390 పవర్ 46 పీఎస్, అంటే సుమారు 45 హెచ్‌పీ. పొలంలో దుక్కి దున్నే ట్రాక్టర్లలోనూ 45 హెచ్‌పీవి చాలానే ఉంటాయి. మరి డ్యూక్‌కు కేజ్‌వీల్ కట్టి దమ్ము చేయొచ్చా? డ్యూక్ గరిష్ఠ టార్క్ 39 న్యూటన్ మీటర్లు, అదీ 6500 ఆర్పీఎం దగ్గర. 2000 ఆర్పీఎం దగ్గర 45 హెచ్‌పీ ఇచ్చే ట్రాక్టర్ ఇంజిన్‌కు లెక్క కడితే సుమారు 160 న్యూటన్ మీటర్లు వస్తుంది. హెచ్‌పీ ఒకటే, టార్క్ నాలుగింతలు. బురదలో పని చేసేది ఆ నాలుగింతలే.

ఎక్స్ఎల్ బరువు ఎలా మోస్తోంది?

ఎల్లారెడ్డి, నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లలో టీవీఎస్ ఎక్స్ఎల్ 100 లేని వాడకట్టు అరుదు. గడ్డి మోపు, యూరియా బస్తాలు, పాల క్యాన్లు, ఆ పైన మనిషి. అయినా అది కదులుతూనే ఉంటుంది. దాని పవర్ ఎంతో తెలుసా? 4.35 పీఎస్. స్ప్లెండర్‌లో సగానికి కాస్త ఎక్కువ. మరి ఇంత బరువు ఎలా?

టార్క్ చూస్తే జవాబు దొరుకుతుంది. ఎక్స్ఎల్ 100 టార్క్ 6.5 న్యూటన్ మీటర్లు, స్ప్లెండర్ టార్క్ 8.05. అంటే పవర్‌లో సగమే ఉన్న బండికి టార్క్‌లో 80 శాతం ఉంది. పైగా ఎక్స్ఎల్‌కు ఆ టార్క్ 3500 ఆర్పీఎం దగ్గరే వస్తుంది. స్ప్లెండర్‌కు 6000 దాకా పోవాలి. మెల్లగా, కింది వేగంలో, గుంతల్లో బరువుతో పోయే పనికి కంపెనీ దాన్ని అలా ట్యూన్ చేసింది. వేగం మాత్రం అడగొద్దు. జాతీయ రహదారి 44 మీద లారీల మధ్య దాన్ని నడిపేవాళ్లకు ఆ 4.35 ఎంత చిన్నదో బాగా తెలుసు.

షైన్ 100, స్ప్లెండర్ సంగతి కూడా ఇలాంటిదే. రెండింటి టార్క్ 8.05 న్యూటన్ మీటర్లే. కానీ షైన్ 100కు అది 5000 ఆర్పీఎం దగ్గర వస్తుంది, స్ప్లెండర్‌కు 6000 దగ్గర. పవర్‌లో వెనకబడిన బండి కింది వేగంలో ముందుంటుందన్నమాట. ఇద్దరు ఎక్కి, గేర్ తక్కువ మార్చుకుంటూ వెళ్లేవాళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక కుర్రాళ్ల చర్చలోకి వద్దాం. యమహా ఆర్15 వీ4, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350.. ఏది పవర్‌ఫుల్? ఆర్15 ఇంజిన్ 155 సీసీ, పవర్ 18.4 పీఎస్, అది 10,000 ఆర్పీఎం దగ్గర. క్లాసిక్ 350 ఇంజిన్ 349 సీసీ, కంపెనీ చెప్పే పవర్ 20.2 బీహెచ్‌పీ, 6100 ఆర్పీఎం దగ్గర. ఇంజిన్ సైజు రెట్టింపు కంటే ఎక్కువున్నా పవర్‌లో తేడా పెద్దగా లేదు! కానీ టార్క్ చూస్తే క్లాసిక్‌ది 27 న్యూటన్ మీటర్లు 4000 ఆర్పీఎం దగ్గర, ఆర్15ది 14.2 న్యూటన్ మీటర్లు 7500 దగ్గర. పై లెక్క ప్రకారం రెండూ ఆ ఆర్పీఎంల దగ్గర ఇచ్చేది ఇంచుమించు 11 కిలోవాట్లే. ఒకటి మెల్లగా తిరుగుతూ ఇస్తుంది, ఇంకోటి గట్టిగా అరుస్తూ ఇస్తుంది.

దీనికి బరువు కూడా కలపాలి. క్లాసిక్ 195 కిలోలు, ఆర్15 సుమారు 141 కిలోలు. 75 కిలోల మనిషి ఎక్కితే ఒక్కో పీఎస్ మోయాల్సింది ఆర్15లో సుమారు 12 కిలోలు, క్లాసిక్‌లో 13 కిలోలకు పైనే. సిగ్నల్ దగ్గర నుంచి ఎవరు ముందు పోతారు అన్న పందెం ఈ నంబర్ మీద ఆధారపడుతుంది. ఆ పందెం రోడ్డు మీద పెట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఎంత పవర్ కావాలి?

నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. బండి, మనిషి, సామాను కలిపి 250 కిలోలు అనుకుందాం. ప్రతి 20 మీటర్లకు ఒక మీటర్ లేచే ఎత్తు మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ ఎత్తు కోసమే కావాల్సింది సుమారు 1.7 పీఎస్. గాలిని తోసుకుపోవడానికి, టైర్ల రాపిడికి ఇంకొంత. అన్నీ కలిపినా వంద సీసీ బండి ఇవ్వగలిగే 8 పీఎస్‌లో మిగులు ఉంటుంది. కానీ వేగం పెంచితే కథ మారుతుంది. వేగం రెట్టింపైతే గాలిని తోసే బలం నాలుగింతలు, దానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలు. ఊరి రోడ్ల మీద హాయిగా పోయే వంద సీసీ బండి హైవే మీద 80 దాటగానే ఆయాసపడేది ఇందుకే. పెద్ద పవర్ నంబర్‌కు డబ్బు పెట్టాలా వద్దా అన్నది రోజూ తిరిగే రోడ్డును బట్టి ఉంటుంది. రోజూ హైవే మీద నిజామాబాద్ పోయి వచ్చే ఉద్యోగికి 125 సీసీ పైన ఖర్చు దండగ కాదు. ఎల్లారెడ్డిలోనే తిరిగే దుకాణదారుకు అంత అవసరం రాదు.

సీసీ పవర్ కాదు.. కానీ పైసలు సీసీ మీదే

సీసీ అంటే క్యూబిక్ సెంటీమీటర్. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ కిందికి పైకి కదిలే జాగా ఎంత అన్నదే అది. చెంబు సైజు లాంటిది, అందులోంచి ఎంత పని వస్తుందో చెప్పదు. ఆర్15, క్లాసిక్ పోలికలోనే అది తేలిపోయింది. అయినా ప్రభుత్వ లెక్కలన్నీ చాలా వరకు సీసీ మీదే నడుస్తాయి. ఆర్సీలో సీసీ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బైకులకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. 349 సీసీ ఇంజిన్ ఉన్న బండ్లు ఆ గీతకు ఇవతలే ఉండిపోయాయి.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. కొత్త బైక్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, జీఎస్టీ కాకుండా, 75 నుంచి 150 సీసీ మధ్య బండికి ఐదేళ్లకు రూ.3,851. 150 దాటి 350 దాకా రూ.7,365. పల్సర్ 150 ఇంజిన్ 149.5 సీసీ. ఆర్15 ఇంజిన్ 155 సీసీ. ఐదున్నర సీసీ తేడాకు రూ.3,514 ఎక్కువ. షోరూంలో ఆన్ రోడ్ ధర చెప్పేటప్పుడు ఈ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ.

లైసెన్స్ కూడా సీసీ లెక్కే. 16 ఏళ్లు నిండిన వాళ్లకు మోటారు వాహనాల చట్టం అనుమతించేది 50 సీసీ దాకానే. ‘ఎక్స్ఎల్ మోపెడే కదా, గేర్లు లేవు కదా’ అని ఇంటర్ చదివే పిల్లలకు ఇచ్చేస్తుంటారు. అది 99.7 సీసీ. 18 నిండకుండా నడిపితే లైసెన్స్ లేని డ్రైవింగే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే.

ఎలక్ట్రిక్ బండ్లతో కొత్త తికమక

ఎలక్ట్రిక్ స్కూటర్‌కు సీసీ ఉండదు. అంతా కిలోవాటే. పక్కనే కిలోవాట్ అవర్ అని ఇంకోటి ఉంటుంది. ఇది మాత్రం తప్పకుండా విడదీసి చూడాలి. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. అది బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క, అంటే పెట్రోల్ ట్యాంక్ సైజు. కిలోవాట్ మోటార్ బలం.

మోటార్ బలంలోనూ రెండు నంబర్లు ఉంటాయి. టీవీఎస్ ఐక్యూబ్ మోటార్‌కు గరిష్ఠం 4.4 కిలోవాట్, నిలకడగా ఇచ్చేది 3 కిలోవాట్. ప్రకటనలో పెద్దక్షరాల్లో కనిపించేది ఎప్పుడూ మొదటిదే. బోరు మోటార్ ప్లేట్ మీద నంబర్‌తో పోల్చాల్సింది మాత్రం రెండోదానితో. టార్క్ కూడా ఐక్యూబ్‌కు 140 న్యూటన్ మీటర్లు అని కనిపిస్తుంది. క్లాసిక్ 350కి ఐదింతలని సంబరపడొద్దు. ఆ 140 చక్రం దగ్గర కొలిచింది. పెట్రోల్ బండ్లకు చెప్పేది ఇంజిన్ దగ్గరిది. ఫస్ట్ గేర్‌లో పెట్రోల్ బండి చక్రం దగ్గర కూడా టార్క్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాన్ని ఎవరూ బ్రోచర్‌లో వేయరు.

ఎలక్ట్రిక్ బండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కు కూడా కిలోవాట్ స్లాబులే. 2022 రేట్లలో ఏడాదికి 3 కిలోవాట్ దాకా రూ.457, 3 నుంచి 7 దాకా రూ.607, 7 నుంచి 16 దాకా రూ.1,161, ఆపైన రూ.2,383.

లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అమ్మే చిన్న స్కూటర్లకు చట్టంలో రెండు హద్దులు ఉన్నాయి. మోటార్ పవర్ 250 వాట్ల కంటే తక్కువ, అంటే పీఎస్‌లో మూడో వంతు. వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ. రెండూ ఉండాలి. ‘కంట్రోలర్ మారిస్తే 45 పోతది’ అని ఎవరైనా చెప్పి మార్చిస్తే ఆ బండి మామూలు మోటారు వాహనం కిందికి వచ్చేస్తుంది. నంబర్ ప్లేట్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. రిజిస్టర్ అయిన బండికైనా ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా మార్పులు చేస్తే చట్టంలోని 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బోర్ పెంచి సీసీ మార్చిన టీజీ 17 బండికీ ఇదే వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు అమ్మేవాడు ‘పవర్ పెంచిన బండి’ అని గొప్పగా చెబితే, కొన్నాక ఆ జరిమానా ఓనర్ పేరు మీదే వస్తుందన్నది మరిచిపోవద్దు.